నూనె అక్కర్లేని పిస్టల్

మేస్త్రి టీ కలిపిన చెంచాని గుడ్డతో తుడిచి, పళ్ళెంలో బోర్లించి పెట్టి, ఆ తర్వాతే గ్లాసు నా చేతికిచ్చాడు. కూతుర్ని హత్య కేసులో పోలీసులు తీసుకుపోయి రెండు రోజులైంది. ఆయన కళ్ళ కింద నలుపు చూస్తే ఆ రెండు రాత్రులూ కునుకు తీసినట్టు లేదు. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

"ఇవాళే అరెస్టు చూపించి సాయంత్రం కోర్టులో పెడతారటమ్మా," అన్నాడు. "ఒకసారి జైలు గుమ్మం తొక్కిందంటే మళ్ళీ ఎప్పటికి బయటికొస్తుందో. ఈలోగా మీరేదో ఒకటి చెయ్యాలి."

"చెయ్యాలంటే మీరు నా దగ్గర ఏదీ దాచకూడదు."

"దాచడానికి ఏముందమ్మా? ఉన్నదంతా చెప్పేశాను."

ఈ డిటెక్టివ్ వృత్తిలో నేను విన్న అబద్ధాల్లో సగానికి పైగా ఈ మాట వెనకే వచ్చాయి. అయినా తలూపాను. కూతుర్ని కాపాడమని నన్ను పిలిపించుకున్న మనిషిని మొదటి గుక్క టీకే అనుమానించడం మర్యాద కాదు. రెండో గుక్కకి అనుమానించాను.

మేము కూర్చున్నది ఆయన వర్క్‌షాపు ముందు గదిలో. అక్కడ తుపాకులు తయారు చెయ్యరు. బ్యాంకు గార్డులవీ, షూటింగ్ క్లబ్బులవీ, పోలీసులవీ తుప్పు పట్టిన తుపాకులు వస్తాయి. తుప్పు తీసి, మళ్ళీ పట్టకుండా పూత వేసి పంపిస్తారు. ఒక పక్క షెడ్డులో తండ్రి తొట్లు ఉడుకుతూ ఉంటాయి. ఇంకో పక్క గదిలో కూతురి ఓవెన్. చివర్న టెస్ట్ రూము. పూత అయిన ప్రతి తుపాకీనీ అక్కడ ఇసుక పెట్టెలోకి కాల్చి చూసి గాని బయటికి పంపరు. మొన్న మధ్యాహ్నం ఓడరేవు కాపలాదళం కమాండర్ శవమై దొరికింది ఆ గదిలోనే.

కమాండర్ కష్టం చిన్నది కాదు. ఉప్పుగాలిలో నిలబడే అతని గార్డుల పిస్టళ్ళు ఏడాది తిరక్కుండా తుప్పు పడుతున్నాయి. ఇకమీదట అన్నిటికీ ఒకే పూత వేయించాలనుకున్నాడు. ఏ పూత అన్న దగ్గర తండ్రీ కూతుళ్ళకి పేచీ వచ్చింది. దాంతో కమాండర్ ఒకేరకం పిస్టళ్ళు రెండు తెచ్చి, ఒకటి తండ్రికీ ఒకటి కూతురికీ ఇచ్చాడు. పూత వేశాక వాటిని ఇద్దరు గార్డుల నడుములకి కట్టి, వానాకాలమంతా ఓడరేవు గట్టు మీద తిప్పాడు. మొన్న వచ్చింది ఏది గెలిచిందో తేల్చడానికి. తేల్చకుండానే పోయాడు.

"మీరే కమాండర్ అయితే ఏ పూత ఎంచుకునేవారు?" అని అడిగాను.

ఆ ప్రశ్నకి మేస్త్రి మొహంలోకి కాస్త రంగు వచ్చింది. అల్మారాలోంచి అరచేతి వెడల్పున్న ఉక్కు ముక్కలు తీసుకొచ్చి బల్ల మీద ఒక్కొక్కటే పేర్చాడు.

"ఇది నికెల్. అద్దంలో చూసుకున్నట్టు మొహం కనిపిస్తుంది. షోకేసులో పెట్టుకునేవాడికి బావుంటుంది. కాపలావాడికి పనికిరాదు, తను ఎక్కడ నిలబడ్డాడో దొంగకి తనే చెప్పినట్టవుతుంది." ఆ ముక్కని గుడ్డతో తుడిచి పక్కన పెట్టాడు. "ఈ బూడిద రంగుది సైన్యంలో బాగా వాడేవారు. నూనెని పీల్చుకుని పట్టి ఉంచుతుంది. మంచిదే. కాని నూనె ఆరిందా, సముద్రం దగ్గర దీన్ని దేవుడే కాపాడాలి." దాన్నీ తుడిచి పెట్టాడు. "ఇది నాది. బ్లూయింగ్."

ముదురు నీలం. నల్లగా కనిపిస్తూ, వెలుతురుకి తిప్పితే లోపల్నుంచి నీలంగా తేలుతోంది. నాకు తుపాకులంటే ప్రేమ లేదు గాని ఆ రంగు మాత్రం చూస్తూ ఉండిపోయాను.

"ఇది కూడా తుప్పేనమ్మా," అన్నాడు. "చెప్పిన మాట వినే తుప్పు. మనమే పట్టించి, ఉడకబెట్టి, రుద్ది, మళ్ళీ పట్టించి, మళ్ళీ ఉడకబెట్టి... విసుగుపడకుండా చేస్తే ఆ ఎర్ర తుప్పే ఇలా నీలంగా మారి ఇనుముకి కాపలా కాస్తుంది. రోజూ నూనె గుడ్డతో తుడుచుకోవాలి. తుడవకపోతే అలుగుతుంది."

"మీ అమ్మాయిది?"

నల్లగా, మెరుపు లేకుండా ఉన్న ముక్కని చివరికి తీశాడు. "ఓవెన్‌లో కాల్చిన కోటింగ్. ఉప్పుకి లొంగదు, చెమటకి లొంగదు. నూనె అక్కర్లేదు, తుడవక్కర్లేదు. లోతుగా గీత పడితే మాత్రం అతుకు వెయ్యడం కుదరదు, మొత్తం గీకేసి మళ్ళీ మొదలుపెట్టాలి."

"అంటే వాదంలో గెలిచేది అమ్మాయే."

ఆయన ఆ నల్ల ముక్కని చేతిలో అటూ ఇటూ తిప్పాడు. "రోజూ తుడిచేవాడు రోజూ దాన్ని చూస్తాడమ్మా. ఎక్కడ వదులైందో, ఎక్కడ బీటలిచ్చిందో వాడికి తెలుస్తుంది. తుడవక్కర్లేని వస్తువుని ఎవడు చూస్తాడు? నేనీ మాటంటే మా అమ్మాయి, 'నాన్నా, నువ్వు చెప్పే గార్డులు నీ బుర్రలో తప్ప భూమ్మీద లేరు' అంటుంది." నవ్వబోయి, కూతురు ఎక్కడుందో గుర్తొచ్చి ఆగిపోయాడు. ఆ ముక్కని గుడ్డతో తుడిచి, మిగతా వాటి పక్కన పెట్టాడు.

నేను గ్లాసు కింద పెట్టి ఆ బల్లకేసి చూశాను. ఏదో చిన్న విషయం నా కళ్ళ ముందే జరిగి, చేతికి చిక్కకుండా జారిపోయినట్టనిపించింది. ఆయన చూడకుండా ఆ నల్ల ముక్కని నా సంచిలో వేసుకున్నాను.

"తుపాకీ పేలినప్పుడు ఎక్కడున్నారు?"

"తొట్టి దగ్గర. బారెల్ ఉడుకుతోంది. టెస్ట్ రూములో పేలుళ్ళు మాకు తలుపు చప్పుడుతో సమానం. పట్టించుకోం. పోలీసులు వచ్చి పిలిచేదాకా నేను షెడ్డు దాటలేదు."

"కమాండర్ అంతకుముందు మీతో మాట్లాడాడా?"

"పొద్దున ఫోన్ చేశారు. 'నిన్న పంపిన రెండు పిస్టళ్ళూ కాక మా స్టోరుదొకటి తెస్తున్నాను మేస్త్రీ, దాని పూత మీ కంటితో చూసి చెప్పాలి' అన్నారు. ఏమైందండీ అంటే, వచ్చాక చెప్తానన్నారు. దాన్ని నేను చూడనేలేదు."

అంతలో బయట జీపు ఆగింది. ఆ బ్రేకు వేసే తీరు బట్టే ఎవరో తెలిసిపోయింది. ఈ కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టర్ మా ఆయనకి స్వయానా తమ్ముడు. ఇంట్లో వదినా వదినా అంటూ నా చేతి కాఫీ లేనిదే పేపరు తియ్యడు. డ్యూటీలో నన్ను చూస్తే మాత్రం మొహం కందగడ్డ అవుతుంది.

"వదినా, మీరిక్కడుంటే ఇంట్లో అన్నయ్యకి అన్నం ఎవరు పెడుతున్నారు?"

"మీ అన్నయ్యకి రెండు చేతులూ బాగానే ఉన్నాయి మరిదీ. నువ్వు ఎందుకొచ్చావో చెప్పు."

"కోర్టుకి తీసుకెళ్ళేముందు ముద్దాయితో ఒకసారి గది చూపిద్దామని."

వెనకే ఒక లేడీ కానిస్టేబులూ, మేస్త్రి కూతురూ లోపలికి వచ్చారు. ముప్ఫై దాటని అమ్మాయి. నలిగిన బట్టలు, నిబ్బరమైన చూపు. తండ్రిని చూడగానే ఆ నిబ్బరం ఒక్క క్షణం సడలింది. ఇద్దరూ ఒకరినొకరు పలకరించుకోలేదు. అది నాకు వింతగా తోచింది.

వాళ్ళ వెనక ఇంకొకాయన. చక్కగా ఇస్త్రీ చేసిన యూనిఫాం, నడుముకి పిస్టల్, చేతులకి తెల్లటి నూలు గ్లౌజులు. ఓడరేవు దళంలో ఆయుధాల స్టోరు ఆఫీసరట.

"కమాండర్ గారు పోయాక దళం ఆయుధాలకి బాధ్యత నాది మేడమ్," అన్నాడు ఎంతో మర్యాదగా. "హత్యకి వాడినది పోలీసుల దగ్గరుంది. రెండోది ఇక్కడే ఉండిపోయింది. సంతకం పెట్టి తీసుకెళ్దామని వచ్చాను."

మేస్త్రి ఆయనకీ టీ ఇచ్చాడు. గ్లాసు కూడా గ్లౌజులతోనే అందుకున్నాడు. నేను చూడటం గమనించి మేస్త్రి, "ఆ అలవాటు చేసింది నేనేలెండి," అన్నాడు.

మా మరిదిని బతిమాలి కూతురితో కాసేపు మాట్లాడే వీలు సంపాదించాను. బతిమాలడమంటే, వాళ్ళావిడ పుట్టినరోజు ఎల్లుండే అని గుర్తు చేశాను. మర్చిపోయాడు పాపం. ఆ ఒక్క మాటకి అరగంట దొరికింది.

"గదిలోకి ఎప్పుడు వెళ్ళావమ్మా?"

"పేలిన కాసేపటికి," అంది కూతురు. "ఓవెన్ తలుపు మూసి వెళ్ళాను. టెస్ట్ అంటే మేము వరసగా మూడు తూటాలు కాలుస్తాం, ఎప్పుడూ అంతే. ఆరోజు ఒక్కటే పేలింది. మిగతా రెండూ ఎందుకు పేల్లేదా అని వెళ్ళాను."

"ఆ తేడా మీ నాన్నకి తెలియదా?"

ఆమె నలిగిన బట్టల ముడతలు సాపు చేసుకుంది.

"లోపల ఏం చూశావు?"

"కమాండర్ గారు కిటికీ కింద పడి ఉన్నారు. పిస్టల్ గోడ దగ్గర నేల మీద ఉంది. నాది, నేను కోటింగ్ వేసినది."

"పిస్టల్ ఎలా ఉంది?"

ఈ ప్రశ్న ఎందుకడిగానో నాకే తెలీదు. ఆమె కళ్ళు మాత్రం చప్పున తండ్రి కూర్చున్న వైపుకి వెళ్ళి, అంతే వేగంగా నేలకి దిగిపోయాయి.

"ఎలా ఉంటుంది? పిస్టల్‌లాగే ఉంది."

ఆ తర్వాత గుచ్చి గుచ్చి అడిగినా అదే మాట.

మా మరిది టెస్ట్ రూము సీలు తీశాడు. రెండు రోజులుగా వాన. మూసి ఉన్న గదిలోంచి తడి గాలి మొహానికి కొట్టింది. దూరపు గోడకి ఆనించి ఇసుక పెట్టె. దగ్గర్లో పొడుగాటి బల్ల. దాని మీద ఒకేలాంటి రెండు చెక్క పెట్టెలు, ఒకటి తెరిచి ఖాళీగా, ఇంకొకటి మూత వేసి. వాటి పక్కన మడతలు విప్పిన పసుపు గుడ్డ. కిటికీ కింద సుద్దగీతలు. సందులోకి తెరుచుకునే వెనక తలుపు.

"ఆ తలుపు ఆరోజు?"

"గడియ లేదు. పొగ పోవడానికి పగలంతా తీసే ఉంచుతారట. అయినా వదినా, మీరు అనవసరంగా శ్రమపడుతున్నారు." చేతులు కట్టుకుని పాఠం అప్పజెప్పినట్టు మొదలుపెట్టాడు. "కమాండర్ రాగానే 'నాకు మీ నాన్న పనే నచ్చింది' అన్నాడు. 'నాది కాల్చి చూడకుండానే ఎలా చెప్తారు' అని ఈ అమ్మాయి వేసిన కేకలు వీధిలోకి వినిపించాయి. మ్యాగజైన్ మీద ఈమె వేలిముద్రలున్నాయి."

"తూటాలు నింపింది తనే కదా. ఉండకపోతే వింత."

"పిస్టల్ పైన మాత్రం ఒక్క ముద్ర లేదు. పల్చగా నూనె రాసి శుభ్రంగా తుడిచేశారు. ఈ పని తెలిసిన చెయ్యి అది. బయటివాడికి నూనె రాయాలని ఎలా తోస్తుంది?"

"నువ్వు మంచి మాటే చెప్పావు మరిదీ. చివరిదాకా ఆలోచించలేదు, అంతే. ఫోటో ఉందా?"

ఫైల్లోంచి తీసి ఇచ్చాడు. నేల మీద పిస్టల్, గోడకి సమాంతరంగా, గొట్టం మూల వైపుకి, పొరపాటున పేలినా ఎవరికీ తగలకుండా. టీ చెంచా గుర్తొచ్చింది. నికెల్ ముక్క, బూడిద ముక్క, నల్ల ముక్క గుర్తొచ్చాయి. ముందు గదిలో నా చేతికి చిక్కకుండా జారిపోయినదేదో అప్పుడు దొరికింది. దొరికినందుకు సంతోషం వెయ్యలేదు.

"మనిషిని చంపినవాడు తుపాకీ పారేస్తాడు, లేదా పట్టుకుపోతాడు," అన్నాను. "ఇలా పెట్టడు. దీన్ని ఎవరో జాగ్రత్తగా పెట్టారు. ఇంకో సంగతి. ముద్రలు చెరపాలంటే పొడి గుడ్డ చాలు. నూనె ఎందుకు? ఆ అమ్మాయి తన కోటింగ్‌కి నూనె అక్కర్లేదని ఊరంతా చాటుకుంటుంది. ఆమె చచ్చినా దానికి నూనె రాయదు."

మా మరిది కనుబొమలు ముడిపడ్డాయి. "మీరు ఎవర్ని ఇరికిస్తున్నారో తెలిసే మాట్లాడుతున్నారా? మిమ్మల్ని పిలిపించింది ఆయనే."

"తెలుసు. ఆయన టీ తాగాను కూడా. ఒకసారి పిలువు."

మేస్త్రి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు, సుద్దగీతల వైపు చూడకుండా. నేను సంచిలోంచి నల్ల ముక్క తీసి ఆయన చేతిలో పెట్టాను.

"పొరపాటున నా సంచిలోకి వచ్చేసింది మేస్త్రిగారూ. ఆ బల్ల మీద పెట్టేస్తారా?"

ఆయన అందుకున్నాడు. భుజం మీది నూనె గుడ్డ లాగి, ఒక చివర నుంచి ఇంకో చివరకి ఒక్క విసురులో తుడిచి, దాన్ని బల్ల మీద గోడకి సమాంతరంగా పెట్టాడు. మా మరిది చేతిలోని ఫోటో వంకా బల్ల వంకా మార్చి మార్చి చూశాడు.

"ఇప్పుడేం చేశారు?" అని అడిగాను.

"ఏం చేశాను? పెట్టమన్నారు, పెట్టాను."

"అది అమ్మాయి కోటింగ్. తుడవక్కర్లేదు, నూనె అక్కర్లేదు అని మీరే చెప్పారు."

మేస్త్రి తన కుడిచేతిని చూసుకున్నాడు. అందులో గుడ్డ ఇంకా అలాగే ఉంది. ఆ చెయ్యి తనది కాదన్నట్టు చాలాసేపు చూశాడు. తర్వాత గోడ పట్టుకుని నెమ్మదిగా స్టూలు మీద కూలబడ్డాడు.

"ఒక్కటే పేలింది," అన్నాడు. "మూడు పేలాలి. వచ్చి చూశాను. ఆయన పడున్నారు. అమ్మాయి పిస్టల్ గది మధ్యలో పడుంది. అంతకుముందే ఆయనతో వాదులాట పెట్టుకుంది కదా... కోపం వస్తే దానికి ఒళ్ళు తెలీదు, చిన్నప్పట్నుంచీ అంతే. అది ఎప్పుడు తీశానో, ఎప్పుడు తుడిచానో నాకు గుర్తు లేదమ్మా, ఒట్టు. షెడ్డులోకి వెళ్ళాక చేతిలో గుడ్డ చూసుకుని తెలిసింది. పోనీలే, మంచిదే అయింది, దాని ముద్రలు పోయుంటాయి అనుకున్నాను."

నాకు ఆయన మీద కోపం, జాలి ఒకేసారి వచ్చాయి. ముందే చెప్పి ఉంటే రెండు రోజులు కలిసొచ్చేవి. చెప్పే తండ్రి ఎక్కడుంటాడు?

మా మరిది ఏమనుకున్నాడో గాని, గుమ్మంలోకి వెళ్ళి కూతుర్ని లోపలికి పిలిచాడు. ఆమె తండ్రి మొహం చూసింది, బల్ల మీద నల్ల ముక్క చూసింది, దాని మీది నూనె మెరుపు చూసింది. ఇంక ఆగలేకపోయింది.

"ఎన్నిసార్లు చెప్పాను నాన్నా నీకు!" అంది ఏడుస్తూ. "నా కోటింగ్‌కి నూనె రాయొద్దని ఎన్నిసార్లు చెప్పాను! లోపలికి రాగానే ఆ మెరుపు చూశాను. నువ్వే ముట్టుకున్నావని తెలిసిపోయింది. ఇంక నేనేం మాట్లాడను? నోరు తెరిస్తే నీ పేరొస్తుందని..."

"నేను చేశాననుకున్నావా తల్లీ?"

"నువ్వు నేను చేశాననుకోలేదూ?"

ముసలాయన లేచి ఆమె తల నిమిరాడు. నూనె చెయ్యి జుట్టుకి అంటింది. ఆమె పట్టించుకోలేదు. నేను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను, కళ్ళు తుడుచుకోవడానికని మా మరిదికి తెలిస్తే ఏడాదిపాటు ఏడిపిస్తాడు.

అతను గొంతు సవరించుకున్నాడు. "బావుంది. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు నోరు మూసుకున్నారు. నాటకం కాదని నేనెలా నమ్మాలి?"

"నమ్మకు. కనుక్కో. వీళ్ళిద్దరూ కాకపోతే మూడో మనిషి ఈ వెనక తలుపులోంచే వచ్చాడు. నిజంగా కాల్చినవాడి ముద్రలు ఆ పిస్టల్ మీద ఉండేవి. మేస్త్రిగారి గుడ్డకి పోయాయి."

ఆ మాట మేస్త్రికి తగలాల్సిన చోటే తగిలింది. కూతుర్ని విడిపించే సాక్ష్యాన్ని తన చేత్తోనే తుడిచేశానని ఆయనకి అప్పుడే అర్థమైంది. చేతిలోని గుడ్డని నేల మీద పడేశాడు. ఆయన ఏ వస్తువునైనా పడెయ్యడం నేను చూడటం అదే మొదలు.

నేను బల్ల దగ్గరికి వెళ్ళాను. "ఈ పసుపు గుడ్డ ఎవరిది?"

"వర్క్‌షాపుది అనుకున్నా," అన్నాడు మా మరిది.

"కాదు," అంది కూతురు కళ్ళు తుడుచుకుని. "కమాండర్ గారు తెచ్చింది. వాళ్ళ స్టోరులో పిస్టళ్ళు చుట్టిపెట్టే గుడ్డ. అందులో ఒక పిస్టల్ ఉంది. 'మా స్టోరులోవన్నీ మీ నాన్న పూత వేసి ఇచ్చినవే. ఇది అలా అనిపించడం లేదు, ఆయన్నే అడుగుతాను' అని కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూస్తున్నారు. నేను ఓవెన్ దగ్గరికి వెళ్ళిపోయాను."

"ఈ మాట రెండు రోజుల్నుంచి ఎందుకు చెప్పలేదు?" అని మా మరిది ఎగిరిపడ్డాడు.

"మీరు అడిగిందల్లా 'ఎందుకు చంపావు' అనే కదండీ."

మా మరిది మొహం చూడకుండా ఉండటమే వదినగా నా ధర్మమనిపించింది. అర్థం కావడానికి ఇంక పెద్దగా మిగల్లేదు. స్టోరులోంచి అసలు పిస్టళ్ళు ఎవరో బయటికి దాటించి, వాటి చోట నకిలీలు చుట్టిపెట్టారు. కమాండర్‌కి పూత మీద అనుమానం వచ్చి ఒకటి పట్టుకొచ్చాడు. మేస్త్రి కంటపడేలోపు ఆయన్ని ఆపాల్సిన అవసరం ఒకరికి ఉంది. వెనక తలుపులోంచి వచ్చేసరికి కమాండర్ కిటికీ వైపు తిరిగి ఉన్నాడు. చేతికందే దూరంలో బల్ల మీద తుపాకులున్నాయి.

"రెండో పెట్టె తెరిచావా?" అన్నాను.

"మూత ఎత్తి చూశాం. పిస్టల్ ఉంది. కాల్చలేదు. మళ్ళీ మూసేశాం."

"అప్పుడు చూసి ఉంటే ఏమీ కనిపించేది కాదులే. ఇప్పుడు తెరువు."

రుమాలు అడ్డం పెట్టి మూత ఎత్తాడు. మేస్త్రి నీలి పూత వేసిన పిస్టల్. వానాకాలం మోసినందుకు అంచుల్లో అక్కడక్కడా రంగు వెలిసింది. పందెంలో ఓడేది అదేనని నాకే తెలిసిపోయింది. కాని నేను చూస్తున్నది దాన్ని కాదు. నీలం మీద, పైభాగానికి ఒక పక్క నాలుగు, ఇంకో పక్క ఒకటి, ఎర్రటి మచ్చలు. వంగి చూస్తే ఒక్కో మచ్చలో గీతలు, సుడులు. తుప్పుతో అచ్చేసిన వేలిముద్రలు.

మేస్త్రి నా భుజం మీదుగా వంగి చూశాడు. "పూత తేటగా కనపడాలని దీని నూనె మొత్తం తీసేసి పెట్టాను. దీని వంతు తర్వాత కనక మ్యాగజైన్ కూడా పెట్టలేదు."

"అందుకే ముందు దీన్ని తీశాడు. ఖాళీ అని చూసి ఉన్నచోటే పెట్టేసి మూత మూశాడు, రెండోది తీశాడు. మీరు నేల మీద ఉన్నదాన్నే తుడిచారు. దీన్ని తుడవలేదు."

"నాన్న పూత అలిగింది," అంది కూతురు మెల్లగా. "నాదైతే ఏమీ చూపించేది కాదు."

"కాని రెండు రోజుల్లో ఇంత తుప్పా?" అన్నాడు మా మరిది. "నేను రోజూ పిస్టల్ పట్టుకుంటాను, ఎప్పుడూ చూళ్ళేదే."

"అందరి చెమటా ఒకటి కాదండీ." మేస్త్రి గొంతు మారిపోయింది. "కొందరి చెయ్యి ఇనుముని తినేస్తుంది. అలాంటి చెయ్యి నా సర్వీసులో ఒక్కటే చూశాను. ఆయన తాకిన ప్రతి తుపాకీ నెల తిరక్కుండా నా దగ్గరికే వచ్చేది. ఇలా అయితే మీతో పడలేనండీ అని నవ్వుతూ, నేనే నూలు గ్లౌజులు కుట్టించి..."

మాట అక్కడ ఆగిపోయింది. గుమ్మంలో నీడ పడింది.

"ఆలస్యమవుతోంది ఇన్‌స్పెక్టర్ గారూ," అన్నాడు స్టోరు ఆఫీసరు అదే మర్యాదతో. "ఆ పిస్టల్ ఇచ్చేస్తే..."

తెరిచి ఉన్న పెట్టెని చూశాడు. ఎర్రమచ్చల్ని చూశాడు. మా అందరి కళ్ళూ తన గ్లౌజుల మీద ఉండటం చూశాడు. ఆ తెల్ల గ్లౌజుల్ని ఎవరైనా గుర్తుపడతారనే, మొన్న సందులోంచి వచ్చేముందు తీసేసి ఉంటాడు. మా మరిది చెయ్యి నడుము దాకా వెళ్ళేలోపే అతని చేతిలోకి పిస్టల్ వచ్చేసింది. పసుపు గుడ్డలోంచి మాయమై, రెండు రోజులుగా పోలీసులు వెతకని, వచ్చినప్పటి నుంచి అతని నడుమున మా కళ్ళ ముందే తిరుగుతున్న పిస్టల్. కాపలాదళం మనిషి దగ్గర తుపాకీ ఉంటే అదెక్కడిదని ఎవరడుగుతారు?

"ఎవరూ కదలొద్దు. మేస్త్రీ, ఆ పెట్టె మూసి ఇలా తీసుకురా."

గొట్టం సూటిగా మేస్త్రి గుండెల వైపు ఉంది. కూతురు "నాన్నా!" అని ముందుకు రాబోతే నేను చెయ్యి పట్టి ఆపాను.

మేస్త్రి పెట్టె ముట్టుకోలేదు. కళ్ళజోడు సర్దుకుని ఒక అడుగు ముందుకేశాడు. తన బల్ల మీదకి ఎవరు ఏ తుపాకీ తెచ్చి పెట్టినా చూసినట్టే, తన మీదకి గురిపెట్టిన దాన్ని ఈ చివర నుంచి ఆ చివరదాకా చూశాడు.

"ఇది నేను వేసిన పూత కాదు," అన్నాడు. "కమాండర్ గారు అడగాలనుకున్నది ఇదే కదా?"